ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఇంకా ఎందుకు ఆడుతున్నారు: అంతా 25 సెకన్ల లెక్క

దేవరకొండ నుంచి ఒక డిగ్రీ తమ్ముడు మూడు సంగతులు అడిగాడు. 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే కంప్యూటర్ ఆటలో (ఊరు కట్టి, వనరులు కూడగట్టి, సైన్యంతో ఎదుటివాణ్ణి గెలిచే ఆట) అంత ఏముందని జనం ఇంకా ఆడుతున్నారు? 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద, ఫోన్ హాట్‌స్పాట్‌తో నడుస్తుందా? కంప్యూటర్‌తో మధ్యస్థ స్థాయిలో ఆడినా పదేపదే ఓడిపోతున్నాను, తప్పు ఎక్కడ జరుగుతోంది? మూడో దానికి జవాబు చెప్తుంటే మొదటి దానికి సగం జవాబు దానంతట అదే వస్తుంది. అందుకే అక్కడి నుంచే మొదలు పెడుతున్నా.

తమ్మీ, నువ్వు ఓడిపోయేది యుద్ధంలో కాదు. యుద్ధం మొదలయ్యేసరికే ఓడిపోయి ఉంటున్నావు. ఆట మొదలైనప్పుడు ఎవరికైనా ఒకటే ఆస్తి: ముగ్గురు విల్లేజర్లు (పనివాళ్లు), ఒక స్కౌట్ (దారులు వెతికే రౌతు), ఒక టౌన్ సెంటర్ (విల్లేజర్లు పుట్టే ఊరి నడిమి కట్టడం), 200 తిండి, 200 కట్టె, 100 బంగారం, 200 రాయి. ఒక విల్లేజర్‌కు 50 తిండి ఖర్చు, తయారవడానికి 25 సెకన్లు. ఈ 25 సెకన్ల మీదే ఆటంతా నిలబడి ఉంది. టౌన్ సెంటర్ ఖాళీగా కూర్చున్న ప్రతి 25 సెకన్లకూ నీ ఊళ్లో ఒక మనిషి తక్కువ. ఒక మనిషి నిమిషానికి సుమారు 20 తిండి, అంతకు కొంచెం ఎక్కువ కట్టె తెస్తాడు. అంటే రెండున్నర నిమిషాల్లో తన ఖర్చు తాను తీర్చి, ఆ తర్వాత తెచ్చేదంతా లాభమే. మొదట్లో ఒక్కడు ఆలస్యమైతే పది నిమిషాల తర్వాత దాదాపు 200 వనరులు తక్కువ పడతాయి. నారు పది రోజులు ఆలస్యంగా పోస్తే కోతల నాడు తెలిసినట్టే, ఇక్కడ కూడా నష్టం జరిగిన చోట కనపడదు, తర్వాత కనపడుతుంది.

ఇప్పుడు ఇంకో లెక్క చూడు. టౌన్ సెంటర్ ఆగకుండా నడవాలంటే 25 సెకన్లకు 50, అంటే నిమిషానికి 120 తిండి కావాలి. ఒక్కొక్కరు 20 తెస్తే ఆరుగురు కావాలి. మొదటి ఆరుగురినీ గొర్రెల మీదే పెట్టమని అందరూ చెప్పేది ఇందుకే. ఇది ఎవరో పెట్టిన ఆచారం కాదు, భాగహారం. నియమాన్ని బట్టీ పట్టకు, దాని వెనక లెక్కను పట్టుకో. లెక్క తెలిస్తే మ్యాప్ మారినా, జాతి (నువ్వు ఎంచుకునే రాజ్యం) మారినా సొంతంగా ఆలోచించగలవు.

అరేబియా లాంటి మామూలు మ్యాప్‌లో నీ చుట్టుపక్కల 8 గొర్రెలు (ఒక్కోదాంట్లో 100 తిండి), 2 అడవిపందులు (ఒక్కోదాంట్లో 340), ఆరు పండ్ల పొదలు (ఒక్కోదాంట్లో 125) ఉంటాయి. వాటితో స్కౌట్ గుర్రాలను తయారు చేసి తొందరగా దాడికి వెళ్లే పద్ధతి ఇది.

ఆట మొదలవగానే టౌన్ సెంటర్‌లో విల్లేజర్లను వరుసగా పెట్టు. చేతిలో ఉన్న 200 తిండికి నలుగురు వస్తారు. ఉన్న ముగ్గురిలో ఇద్దరు ఒక ఇల్లు, ఒకరు ఇంకో ఇల్లు కట్టాలి. ఇంటికి 25 కట్టె, ఒక్కో ఇల్లు ఐదుగురికి చోటు ఇస్తుంది. టౌన్ సెంటర్ తనంతట తాను ఇచ్చే చోటు ఐదుగురికే, ఆట మొదట్లోనే నువ్వు నలుగురివి. ఇల్లు 25 సెకన్లు ఆలస్యమైతే ఉత్పత్తి అక్కడే నిలిచిపోతుంది. ఇళ్లు కట్టాక ఆ ముగ్గురూ, కొత్తగా వచ్చే ముగ్గురూ గొర్రెల దగ్గరికి పోవాలి. తర్వాతి నలుగురు కట్టెకు: అడవి అంచున లంబర్ క్యాంప్ (100 కట్టె) చెట్లకు ఆనుకునే కట్టాలి, రెండు గడులు దూరమైనా నడకలోనే సమయం పోతుంది. ఆ తర్వాతి ఒక్కడు అడవిపందిని లాక్కురావడానికి. తర్వాతి నలుగురు పండ్ల పొదల పక్కన మిల్లు (100 కట్టె) కట్టి అక్కడే ఉండాలి. ఆ తర్వాత ముగ్గురు టౌన్ సెంటర్ కింద మాంసానికి, చివరి ఇద్దరు కట్టెకు. మధ్యలో 13 మంది అయినప్పుడు మూడో ఇల్లు మర్చిపోకు, దాని వెనకే నాలుగోది. మొత్తం 20 మంది విల్లేజర్లు, ఒక స్కౌట్, జనాభా 21. లూమ్ అనే పరిశోధన (విల్లేజర్లకు ప్రాణం పెంచేది; 50 బంగారం, 25 సెకన్లు) చేసి, 500 తిండితో ఫ్యూడల్ ఏజ్, అంటే రెండో యుగం, నొక్కు.

ఎక్కడా ఆగకపోతే గడియారం ఇలా ఉంటుంది: 17 మంది కొత్త విల్లేజర్లు, ఒక్కొక్కరికి 25 సెకన్లు, పైన లూమ్ 25 సెకన్లు. మొత్తం 450 సెకన్లు, అంటే 7 నిమిషాల 30 సెకన్లకు నొక్కాలి. ఫ్యూడల్‌కు 130 సెకన్లు పడుతుంది కాబట్టి 9:40కి చేరాలి. నువ్వు 12:00కి చేరితే 140 సెకన్లు పోయినట్టు, అంటే ఐదారుగురు విల్లేజర్లను పుట్టించకుండా వదిలేసినట్టు. ఆటలో నీ ఇగురం ఎంతో తెలుసుకోవడానికి ఇంతకన్నా నిక్కచ్చి కొలత లేదు. శత్రువు ఎవరు, వాడి దగ్గర ఏముంది అన్న ప్రశ్నే రాదు. మొదటి పది రోజులు శత్రువును పట్టించుకోకుండా ఈ 9:40 కోసమే ఆడు.

ఫ్యూడల్‌కు ఎక్కుతున్న ఆ 130 సెకన్లలో టౌన్ సెంటర్ విల్లేజర్లను పుట్టించలేదు. అప్పుడు మాంసం దగ్గరి నలుగురిని కట్టెకు పంపు. టౌన్ సెంటర్ కింద ఆరుగురు, పండ్ల దగ్గర నలుగురు, కట్టెలో పదిమంది అవుతారు. కాలిబంట్లు తయారయ్యే బ్యారక్స్ (175 కట్టె) ఇప్పుడే కట్టేయాలి. అది లేకపోతే ఫ్యూడల్‌కు చేరినా గుర్రాల స్టేబుల్ (175 కట్టె) కట్టనివ్వదు. చేరగానే స్టేబుల్, కట్టె త్వరగా కొట్టించే పరిశోధన డబుల్ బిట్ యాక్స్ (100 తిండి, 50 కట్టె). స్కౌట్‌కు 80 తిండి, 30 సెకన్లు, అంటే స్టేబుల్ నిమిషానికి 160 తిండి మింగుతుంది. టౌన్ సెంటర్‌ది 120. రెండూ కలిపి 280, అంటే తిండి మీద 14 మంది. ఇప్పటికి పదిమందే ఉన్నారు, అందుకే ఇక పుట్టే నలుగురూ నేరుగా పొలాలకు (ఒక్కోదానికి 60 కట్టె) పోవాలి. కట్టెలో పదిమందిని ఎందుకు పెట్టామో ఇప్పుడు అర్థమవుతుంది.

తప్పులు ఎక్కువగా జరిగే చోట్లు చెప్తా, పైలంగా చూసుకో.

అడవిపంది దగ్గర చాలామంది విల్లేజర్‌ను చంపుకుంటారు. విల్లేజర్ ప్రాణం 25, పంది ప్రాణం 75. ఒక్కడే నిలబడి కొట్టడానికి చూస్తే వాడు పోతాడు. పంది మీద దెబ్బ పడి అది తిరగబడగానే టౌన్ సెంటర్ వైపు పరిగెత్తించు. అది వెంట వస్తుంది, గొర్రెల దగ్గరి ఆరుగురు దాన్ని కొట్టాలి. ప్రాణం సన్నగిల్లితే తెచ్చినవాడిని టౌన్ సెంటర్‌లో దూర్చు. దారి మధ్యలో వాడిని ఆపి వేరే పని చెప్పొద్దు. మొదటి పంది మాంసం అయిపోవడానికి కొంచెం ముందే రెండోదానికి మనిషిని పంపు.

గొర్రెలను ఒక్కోటే కోయాలి. కోసిన మాంసం నేల మీద కుళ్లిపోతుంది. రెండు ఒకేసారి కోస్తే ఒకదాంట్లోది తినేలోగా ఇంకోదాంట్లోది కొంత పోతుంది. మిగతా గొర్రెలను టౌన్ సెంటర్ కిందికే తెచ్చి పెట్టు, మనుషులు నడవాల్సిన పని ఉండదు.

ఇంకో పెద్ద తప్పు, కూడబెట్టడం. పైన 600 కట్టె కనపడితే నీకు ధైర్యంగా ఉంటుంది. కానీ అది పది పొలాలు కట్టకుండా వదిలేసిన లెక్క. ఈ ఆటలో వనరు చేతిలో ఉన్నంతసేపు ఏ పనీ చేయదు. కీబోర్డు మీద చేయి పడకపోవడం కూడా ఇలాంటిదే. హెచ్ నొక్కితే టౌన్ సెంటర్ వస్తుంది, ఫుల్‌స్టాప్ నొక్కితే ఖాళీగా నిలబడ్డ విల్లేజర్ దొరుకుతాడు. ప్రతి అర నిమిషానికీ ఈ రెండూ నొక్కే అలవాటు చేసుకుంటే నీ స్థాయి మిగతా దేనివల్లా మారనంత మారుతుంది.

ఇక మొదటి ప్రశ్న. ఇన్నేళ్లు ఎందుకు నిలిచింది? పై లెక్కలన్నీ మనసులో చేసుకోగలిగినవే, గమనించు. 25, 50, 60, 80, 120. ఆట ఏదీ దాచదు. ఓడిపోయాక రికార్డింగ్ తెరిచి చూస్తే ఏ నిమిషంలో టౌన్ సెంటర్ ఆగిందో, ఏ గుంపు ఎక్కడ ఖాళీగా నిలబడిందో కళ్లకు కడుతుంది. ఎదుటివాడు డబ్బు పెట్టి కొన్న బలంతో గెలవడు. ఈ ఆట కొత్త రూపమైన డెఫినిటివ్ ఎడిషన్‌లో కంప్యూటర్ ఆటగాడు కూడా అదనపు వనరులు తీసుకోకుండానే ఆడతాడు, అత్యంత కఠిన స్థాయిలో సైతం. నిజాయితీగా ఓడించే ఆట మీద కోపం నిలవదు, మళ్లీ ఆడాలనిపిస్తుంది. నా మటుకు ఈ ఆట బతికి ఉండటానికి అసలు కారణం ఇదే. బొమ్మలు, సంగీతం, చరిత్ర దాని తర్వాతే.

రెండో కారణం, బంగారం అయిపోవడం. నీ ఇంటి దగ్గరి పెద్ద గనిలో ఏడు గుట్టలు, ఒక్కో గుట్టలో 800, మొత్తం 5,600. అది తవ్వేశాక దూరంగా ఉన్న చిన్న గనుల కోసం కొట్టుకోవాలి, తర్వాత అవి కూడా ఉండవు. నైట్‌కు, అంటే కవచం తొడిగిన రౌతుకు 60 తిండి, 75 బంగారం. ఈటెల బంటుకు, అంటే స్పియర్‌మన్‌కు 35 తిండి, 25 కట్టె, బంగారం అక్కర్లేదు. నైట్ బలవంతుడు, ఒంటికి ఒంటిగా స్పియర్‌మన్‌ను చంపేస్తాడు. కానీ స్పియర్‌మన్ మామూలు దెబ్బ 3 అయితే గుర్రం మీద అదనంగా 15. పైక్‌మన్‌గా మారితే 4, అదనంగా 22. ఒక నైట్ ధరకు ఇద్దరు వస్తారు, పైగా బంగారం మిగులుతుంది. ఆట నలభై నిమిషాలు దాటితే బంగారం అక్కర్లేని సైన్యంతో ఎవరు బాగా ఆడితే వాళ్లదే. అప్పటికి మ్యాప్‌లో దొరికే ఐదు రెలిక్‌లలో (పవిత్ర వస్తువులు) ఎక్కువ ఎవరి మఠంలో ఉన్నాయన్నది తేల్చేస్తుంది, ఒక్కో రెలిక్ నిమిషానికి 30 బంగారం ఇస్తుంది కాబట్టి. అలా ఒకే ఆటలో మూడు రకాల ఆటలు ఉన్నాయి: లెక్కల ఆట, గుంపుల ఆట, కరువు ఆట.

స్పియర్‌మన్ గుర్రాన్ని, గుర్రం విలుకాణ్ణి, విలుకాడు స్పియర్‌మన్‌ను కొడతారన్న త్రిభుజం అందరికీ తెలుసు. తెలియాల్సింది నేల సంగతి. ఎత్తు మీద నుంచి కొట్టే దెబ్బ 25 శాతం ఎక్కువ, కింద నుంచి పైకి కొట్టేది 25 శాతం తక్కువ. సమాన సైన్యాలు కలిస్తే గుట్ట ఎక్కినవాడిదే గెలుపు. వెనక్కి తగ్గి గుట్ట మీద నిలబడటం పిరికితనం కాదు.

ఎడిషన్ల చరిత్ర క్లుప్తంగా. ఎన్సెంబుల్ స్టూడియోస్ చేసింది, మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. 1999లో 13 జాతులు, 2000లో కాంకరర్స్‌తో 18. స్టూడియో 2009లో మూతబడింది. అభిమానులు సొంతంగా చేసుకున్న మార్పులే 2013లో హెచ్‌డీ ఎడిషన్‌కు అధికారిక విస్తరణ అయ్యాయి. 2019 నవంబరులో డెఫినిటివ్ ఎడిషన్ 35 జాతులతో వచ్చింది, తర్వాత ఇంకా పెరుగుతున్నాయి. 2022 అక్టోబరులో జర్మనీలోని హైడెల్‌బర్గ్ కోటలోనే ఈ ఆటకు పెద్ద పోటీ నడిచింది.

మనకు కావాల్సింది 2022 ఏప్రిల్‌లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే విస్తరణ. అంతకుముందు ఇండియన్స్ అని ఒకే జాతి ఉండేది. దాన్ని హిందుస్తానీలుగా మార్చి బెంగాలీలు, ద్రవిడులు, గుర్జరులను కొత్తగా చేర్చారు. కాకతీయులకు, తెలుగుకు విడిగా చోటు లేదు. ద్రవిడ సైనికులు తమిళంలో బదులిస్తారు, కథానాయకుడు రాజేంద్ర చోళుడు. అయినా మన నేల దానికి దూరం కాదు. రాజేంద్రుడి ప్రశస్తిలో తాను గెలిచిన చోట్లలో కొల్లిప్పాక్కై అని ఉంది. చరిత్రకారులు దాన్ని మన కొలనుపాకగా గుర్తించారు, ఆలేరు పక్కన జైన మందిరం, సోమేశ్వరాలయం ఉన్న ఊరే. కల్యాణి చాళుక్యులకూ చోళులకూ మధ్య నలిగిన నేల అది. ఆ దండయాత్రల కథ ఆడేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంటే ఆట రుచి వేరు.

ద్రవిడులకు నైట్ లేడు. ఆట చేసినవాళ్లు ఇక్కడ ఆలోచించే చేశారు. మేలుజాతి గుర్రాలు దక్షిణాదికి అరేబియా, పర్షియా వైపు నుంచి ఓడల్లో రావాల్సి వచ్చేది. దానికి బదులు ప్రతి ఏజ్ మారినప్పుడు 200 కట్టె ఉచితం, బ్యారక్స్ పరిశోధనలు సగం ధరకే. ఆ 200 కట్టె ఫ్యూడల్‌లో అడుగు పెట్టగానే ఒక ఆర్చరీ రేంజ్ (విలుకాళ్ల కట్టడం, 175 కట్టె), ఒక ఇల్లు. వాళ్ల చివరి పరిశోధన వూట్జ్ స్టీల్ చేస్తే కాలిబంట్లు, రౌతుల దెబ్బ ఎదుటివాడి కవచాన్ని పట్టించుకోదు. వూట్జ్ అన్నది మన ‘ఉక్కు’ మాటే తిరిగి తిరిగి అలా మారింది. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుపడ్డ ఊరు. కొత్తవాడివి కాబట్టి మొదట మాత్రం ఫ్రాంక్స్‌తో నేర్చుకో. మిల్లు పరిశోధనలు ఉచితం, గుర్రాలకు 20 శాతం ఎక్కువ ప్రాణం, చిన్న తప్పులను కడుపులో దాచుకునే జాతి. ద్రవిడుల దగ్గరికి తర్వాత రావచ్చు.

నేర్చుకోవడానికి ఆటలోనే ఆర్ట్ ఆఫ్ వార్ అనే పాఠాలున్నాయి. మొదటి నిమిషాల ఆర్థికానికి ఒకటి, త్వరగా మూడో యుగమైన క్యాజిల్ ఏజ్ చేరడానికి ఒకటి, ప్రతిదానికీ పతకం. తొలి పాఠంలో బంగారు పతకం వచ్చేదాకా ర్యాంక్ ఆటల (నెట్‌లో మనుషులతో పాయింట్ల కోసం ఆడేవి) జోలికి పోకు. ర్యాంక్ 1,000 దగ్గర మొదలవుతుంది, మొదట్లో ఓడుతూ కిందికి దిగుతావు. నీ సమఉజ్జీలు దొరికేదాకా దిగడమే దాని పని, ఆగం కావద్దు.

ల్యాప్‌టాప్ సంగతి. డెఫినిటివ్ ఎడిషన్‌కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 బిట్ విండోస్, 30 జీబీ దాకా ఖాళీ చోటు కావాలి. 4 జీబీతో ఒంటరి ఆటలు, ఇద్దరి ఆటలు నడుస్తాయి, ఎనిమిది మంది ఆట కష్టం. మెరుగైన బొమ్మల ప్యాక్ విడిగా ఉంటుంది, దాన్ని దింపుకోకు. బ్రౌజర్ పూర్తిగా మూసెయ్. హాట్‌స్పాట్ గురించి అందరూ వేగం అడుగుతారు, అది కాదు చూడాల్సింది. ఈ ఆట సైనికుల కదలికలను నెట్ మీద పంపదు. ఆటగాళ్లు ఇచ్చే ఆజ్ఞలనే పంపుతుంది, ప్రతి కంప్యూటర్ అవే ఆజ్ఞలతో అదే యుద్ధాన్ని తనంతట తాను లెక్క కట్టుకుంటుంది. ఈ పద్ధతి 28.8 కేబీపీఎస్ మోడెమ్‌ల కాలంలో పెట్టింది, అందుకే డేటా చాలా తక్కువ పడుతుంది. దీనికి ఇంకో వైపు కూడా ఉంది: ఒక్క కంప్యూటర్ వెనకబడితే అందరి ఆటా దాని కోసం నెమ్మదిస్తుంది. కాబట్టి వేగం కన్నా నిలకడ ముఖ్యం. పింగ్ (సందేశం వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) 80 దగ్గర నిలకడగా ఉంటే హాయిగా ఆడొచ్చు, 40కీ 400కీ మధ్య ఎగురుతుంటే ఆడలేవు. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే వైఫై హాట్‌స్పాట్ కన్నా నిలకడ ఎక్కువ. ఆడేటప్పుడు ఫోన్‌కు కాల్ వస్తే కొన్ని ఫోన్లలో నెట్ ఆగిపోతుంది, ఆ నంబర్ వేరే ఫోన్‌కు మళ్లించుకో. ర్యాంక్ ఆటలో నెట్ తెగితే ఓటమే రాసుకుంటుంది.

దేవరకొండ వాడివి కాబట్టి ఒక పని చెప్తా, ఆట మీద ప్రేమ పెంచేది ఇదే. ఆటలోనే సొంత మ్యాప్ తయారు చేసుకునే సినారియో ఎడిటర్ తెరిచి మీ కోటను కట్టు. రేచర్ల పద్మనాయకుల నాటి కోట, చుట్టూ గుట్టలు, మధ్యలో ఊరు. టైనీ అనే చిన్న మ్యాప్ 120 గడుల పొడవు, 120 వెడల్పు ఉంటుంది, మొదటిసారికి అది చాలు. ముందు నేల ఎత్తులు వేసుకో, గోడలు తర్వాత.  భువనగిరి లాంటి ఏకశిలా కోట కావాలంటే చుట్టూ క్లిఫ్ వస్తువులు పెట్టి ఒక్క వైపే ఎక్కే దారి వదలాలి, క్లిఫ్‌ను ఎవరూ దాటలేరు. ముట్టడించేవాడికి ట్రెబుషెట్ అనే రాళ్లు విసిరే యంత్రం (200 కట్టె, 200 బంగారం) ఇవ్వు, 16 గడుల దూరం కొడుతుంది. ఎత్తు ఆ దూరాన్ని పెంచదు, తగ్గించదు, దెబ్బ బలాన్నే మారుస్తుంది. కాబట్టి కొండ మీద కోట ఉందని ట్రెబుషెట్‌కు అందదనుకోకు, ఎక్కే దారి మొదట్లోంచి 16 గడులు లెక్కపెట్టి క్యాజిల్‌ను ఇంకా లోపలికి జరుపు.

ఎడిటర్‌లో ‘ఇది జరిగితే అది చెయ్’ అని పెట్టే ట్రిగర్లలో కొత్తవాళ్లు రెండు చోట్ల చిక్కుకుంటారు. ఒకటి, ఏ ఆటగాడి సైన్యమో ఎంచుకోకుండా వదిలేయడం, అప్పుడు షరతు అనుకున్నట్టు పనిచేయదు. రెండోది, ప్రతి పది నిమిషాలకూ కొత్త దండు రావాలనుకుని లూప్ పెట్టి టైమర్ పెట్టకపోవడం. అప్పుడు దండు ఆగకుండా పుడుతూనే ఉండి ల్యాప్‌టాప్ నిలిచిపోతుంది. టైమర్ 600 సెకన్లు పెట్టి, పరీక్షించేటప్పుడు మాత్రం 20కి తగ్గించుకుని చూడు. దండు కొండ ఎక్కుతుందో లేదో కూడా అప్పుడే తేలుతుంది. ఎక్కే దారి కనీసం మూడు గడుల వెడల్పు లేకపోతే ట్రెబుషెట్లు, ఏనుగులు ఒకదానికొకటి అడ్డం పడి కిందనే నిలబడిపోతాయి.